చెంబు నిండేదాకా

చప్పట్ల చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా పాప మొదటిసారి రెండు చేతులూ కలిపి తప్‌మని కొట్టి కిలకిలా నవ్వితే ఇంట్లో వాళ్ళంతా మురిసిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముకుంటూ కూర్చున్నాను. పసిదాని తప్పేముంది? తప్పంతా మా వీధిది. ఆ వీధి కొట్టిన చప్పట్లు మా మావయ్య గుండెను ఎలా కొరుక్కుతిన్నాయో చెప్పేదాకా నా కడుపుమంట చల్లారదు.

మావయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, పెళ్ళిళ్ళ బ్యాండులో బాకా వాయించేవారు. మీసాలు రాకముందు నుంచీ అదే పని. ఎడమచేత్తో బాకా ఎత్తిపట్టి, కుడిచేతి వేళ్ళతో మీటలు నొక్కుతూ ముందు నడుస్తుంటే ఊరేగింపు మొత్తం ఆయన వెనకాలే కదిలేదట. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాకా మాస్టారే.

కరోనా వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. డ్రమ్ములు మంచాల కిందికి, బంగారు రంగు గుండీల కోట్లు ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోయాయి. డ్రమ్ము వాయించే మా ఆయన పుల్లలు పక్కన పడేసి ఒక కంపెనీకి పార్సిళ్ళ వ్యాను తోలడం మొదలుపెట్టాడు. మావయ్య మాత్రం సాయంత్రం ఎండ ఎదురింటి గోడ దిగగానే వరండాలోకి వచ్చి బాకా ఎత్తేవారు. వాయించకుండా ఉంటే పెదవులు మొద్దుబారిపోతాయట.

మా వీధి ఎంత ఇరుకంటే, చెయ్యి చాపితే ఎదురింటి వాళ్ళు ఆరేసిన బట్టలు అందుతాయి. తలుపులు బిగించుకుని విసుగెత్తిపోయి ఉన్న జనం ఒక్కో కిటికీ తెరుచుకుని వినేవారు. పాట ఆగగానే చప్పట్లు. ఎదురింటి టైలరమ్మ అయితే కుడిచేత్తో వరండా ఇనపకమ్మీ మీద దబదబా బాదేది. "మాస్టారూ, ఇంకొక్కటి! రేపటికి దాచుకుంటే వడ్డీ రాదు!" అని కేకేసేది. మావయ్య తల వంచి దండం పెట్టి ఇంకొకటి ఎత్తుకునేవారు. మొదట్లో నాకూ ముచ్చటగానే ఉండేది. పాప ఆ పాటకే నిద్రపోయేది మరి.

తర్వాత అది వేడుకగా మిగల్లేదు.

మా పై అంతస్తులో సెక్రటరీ గారుంటారు. ఆయన్ని బిల్డింగుకి సెక్రటరీ ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. రిటైరయ్యాక ఇంట్లో ఎవరూ మాట వినక మా మీద పడ్డారని మా ఆయన అంటాడు. మెడలో విజిల్ వేలాడేసుకుని మెట్ల మీద తిరగడం ఆయన డ్యూటీ. కింద వాటాలో ట్యూషన్లు చెప్పే మాస్టారు ఒకసారి గట్టిగా దగ్గాడు. అంతే, విజిల్ మోగింది. ఆ గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టేశారు. పాలాయన గేటు దాటి లోపలికి రానన్నాడు. వాళ్ళ పిల్ల బంతి మెట్ల మీదికి దొర్లితే ఒక్కళ్ళూ ముట్టుకోలేదు, చీపురుకట్ట తిరగేసి లోపలికి నెట్టారు. తీరా చూస్తే అది సుద్దముక్కల దుమ్ము దగ్గు. రిబ్బను విప్పేశారు, క్షమించమని ఒక్క మాట లేదు. ఆ మాస్టారు ఇప్పటికీ నోటికి దిండు అడ్డం పెట్టుకుని దగ్గుతాడు.

ఆ రోజే సెక్రటరీ గారు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. "బాకా మాస్టారి ఇంటికి భయం లేదు. అంత ఊపిరి ఉన్నవాడి దగ్గరికి కరోనా ఎలా వస్తుంది!"

మావయ్య ఉబ్బిపోయారు. నాకు మాత్రం మెడకి తాడు పడ్డట్టనిపించింది. అనుకున్నట్టే అయింది. ఒక సాయంత్రం పెదవి పగిలి ఆయన వాయించకపోతే, చీకటి పడకముందే మెట్ల మీద విజిల్. "మాస్టారు వాయించలేదేం? ఒంట్లో ఏమైనా నలతా? ముందే చెప్పేయండి, దాచకండి." ఎదురింటి కిటికీలు అప్పటికే మూసుకున్నాయి. మావయ్య పగిలిన పెదవికి వెన్న రాసుకుని బాకా తీశారు. చప్పట్లు మోగాయి. ఇక ఆ రోజు నుంచి అది పాట కాదు, మా ఇంటికి ఆరోగ్యం ఉందని రోజూ వీధికి చూపించాల్సిన సర్టిఫికెట్టు.

వీధి సంగతి సరే, మా ఇల్లు మాత్రం తక్కువ తిందా? మా ఇంట్లో ఊపిరికి ఒక కొలత ఉంది. పంపు కింద ఇత్తడి చెంబు పెట్టి సన్నధారగా నీళ్ళు వదిలి, అది నిండేదాకా ఆపకుండా స్వరం పట్టాలి. బ్యాండులోకి కొత్తగా వచ్చేవాళ్ళకి మావయ్య వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ పెట్టే పరీక్ష అది. చెంబు నిండకముందే ఆయాసపడినవాడి చేతిలో తాళాలు పెట్టి వెనక వరసలో నిలబెట్టేవారు. మా ఆయన ఆ పరీక్ష తప్పే డ్రమ్ముకి పోయాడు. ఆ మాటెత్తితే ఇప్పటికీ ముఖం మాడ్చుకుంటాడు.

కరోనా వచ్చాక అత్తయ్య ఆ చెంబుని ఇంటి డాక్టర్ని చేసేసింది. "ఊపిరితిత్తుల జబ్బు కదే. ఊపిరి నిలిస్తే జబ్బు లేనట్టే" అనేది. పొద్దున్నే అందరం పంపు దగ్గర వరస కట్టాలి. మేమంతా పెదవులు బిగించి "మ్" అంటూ లాగేవాళ్ళం. నాకు సగంలో నవ్వొచ్చి ఆగితే మళ్ళీ మొదటినుంచి. మావయ్య మాత్రం బాకాకి పెదవులు ఆనించే మూతిని ఊడదీసి, దాంతో ఊదేవారు. చెంబు నిండి, పొర్లి, నీళ్ళు పాదాల కిందికి వచ్చినా ఆ స్వరం తెగేది కాదు. "చూడండ్రా, ముసలాడి ఊపిరి!" అని అత్తయ్య మమ్మల్ని వెక్కిరించేది. పాప ఎత్తుకున్న రాగం ఆపకుండా ఏడిస్తే "ఇది కూడా పాసయింది, వచ్చే ఏడు బాకా కొంటా" అనేవారు మావయ్య.

నా భయాలు నాకూ ఉన్నాయి. లేవని అనను. పసిపిల్ల తల్లిని. కూరగాయల్ని సబ్బునీళ్ళలో కడిగేదాన్ని. మా ఆయన వ్యాను దిగి వస్తే బట్టలు గుమ్మంలోనే విడిపించి, పాప ముఖం కూడా చూడనివ్వకుండా స్నానానికి తరిమేదాన్ని. పాప తుమ్మితే నా ప్రాణం గిలగిలలాడేది. కానీ భయపడటం వేరు, కళ్ళు మూసుకోవడం వేరు.

మావయ్య దవడ నొక్కుకోవడం ముందు నేనే చూశాను. అన్నం తింటూ తింటూ ఆపి, ఎడమ దవడ కింద బొటనవేలు పెట్టి నొక్కుకుంటున్నారు.

"ఏంటి మావయ్యా, పన్ను నొప్పా?"

"బాకా మూతి ఒరుసుకుంటోందమ్మా. సీజన్లో కూడా ఇన్నాళ్ళు వరసగా ఎప్పుడు వాయించాను?"

ఇంకో రోజు ఎడమచెయ్యి భుజం నుంచి కిందికి రుద్దుకుంటున్నారు. అడిగితే, "బాకా మోసే చెయ్యి కదా, లాగుతుంది. ఇత్తడి బరువు నీకేం తెలుసు?" అన్నారు. ప్రతి నొప్పికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంది, అన్నీ అతికినట్టే ఉన్నాయి. దవడంటే మూతి, చెయ్యంటే బరువు, ఆయాసమంటే వయసు. అలా మా ఇంటి పనే మా కళ్ళకి గంతలు కట్టింది.

ఆ మర్నాడో ఆ పై రోజో, కూరలసంచీ పట్టుకుని మెట్లెక్కుతూ మావయ్య సగంలో కూలబడ్డారు. నేను పైనుంచి చూసి పరిగెత్తాను. ముఖం సుద్దలా పాలిపోయింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చెమటలు, అదీ చల్లటి చెమటలు. నా వెనకాలే వచ్చిన అత్తయ్య ఆయన చంకలో చెయ్యి వేసి లేపుతూ మొదట అడిగిన మాట ఏంటో తెలుసా? నొప్పెక్కడ అని కాదు.

"ఎవరైనా చూశారా?"

లోపలికి లాక్కొచ్చి తలుపు గడియ పెట్టేశాం. కాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాక ఆయనకి కొంచెం తేరుకున్నట్టయింది. అత్తయ్య చెంబు తెచ్చి పంపు కింద పెట్టింది. ఆయన బాకా మూతి తీసుకుని ఊదారు. నీళ్ళు నిండాయి, పొర్లాయి, స్వరం ఆగలేదు. మా ఆయన పగలబడి నవ్వాడు. "నాన్నకి కాదు, మనకే ఉంది జబ్బు!" అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. గ్యాసని తేల్చేసి సోడా తాగించారు. మావయ్య కూడా నవ్వారు. అందరూ నవ్వుతుంటే నేనూ పళ్ళికిలించానేమో, గుర్తులేదు. గుర్తున్నది ఒకటే. నవ్వుతూనే ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది పరాయివాళ్ళ చెయ్యి అన్నట్టు చూసుకుంటున్నారు.

పాప కడుపులో ఉన్నప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళేదాన్ని. పరీక్షల కోసం గంటలు గంటలు బల్ల మీద కూర్చోబెట్టేవారు. ఎదురుగా గోడకి ఒక బొమ్మ ఉండేది. మగమనిషి బొమ్మ, ఛాతీ మీద, ఎడమచెయ్యి పొడుగునా, దవడ మీద ఎర్రరంగు పులిమి ఉండేది. నుదుటి మీద నీలం చుక్కలు, అంటే చెమట. చూడటానికి వేరే ఏమీ లేక ఆ బొమ్మనే చూసి చూసి అది నా కళ్ళలో అచ్చుపడిపోయింది. ఆ రోజు సోడా గ్లాసు కడుగుతుంటే ఆ బొమ్మ మా మెట్ల మీద కూర్చున్నట్టనిపించి, గ్లాసు అక్కడే వదిలేసి వచ్చాను.

"ఏమండీ, మావయ్యని ఆస్పత్రికి తీసుకెళ్దాం. అది గ్యాసు కాదు, గుండె."

మా ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎనిమిదో తరగతి మధ్యలో ఆపేసినదానివి, ఎప్పుడయ్యావే డాక్టరమ్మవి?"

"బొమ్మ చూడటానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు."

"ఆస్పత్రిలో ఏముందో తెలుసా? నడిచి వెళ్ళినవాడు మూటై వస్తున్నాడు. గుండె బాగుచేయించుకోడానికి వెళ్ళి ఆ జబ్బు తగిలించుకు రమ్మంటావా? మన గుమ్మానికి రిబ్బను కడితే కంపెనీవాడు నన్ను వ్యాను ఎక్కనిస్తాడా?"

అత్తయ్య పాపని నా ఒళ్ళోంచి తీసుకుంది. "దీని ముఖం చూడు. ఆయన ఆస్పత్రికి వెళ్ళొచ్చి దీన్ని ముద్దుపెట్టుకుంటే? నువ్వూ ఒక తల్లివేనా?"

నన్ను ఎక్కడ కొడితే పడతానో వాళ్ళకి బాగా తెలుసు. ఇంట్లో ఎవరికి ఏది ఇష్టం లేకపోయినా పాపని అడ్డం పెట్టేవాళ్ళు. నెలల పిల్ల, పాపం, ఎంతమంది పిరికితనాన్ని మోయాలి?

అయినా ఊరుకోలేదు. సెల్లు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి సాయం నంబరుకి చేశాను. ముందు రికార్డు చేసిన దగ్గు. తర్వాత చేతులు కడుక్కోమని ఉపన్యాసం. ఆ తర్వాత జ్వరముంటే ఒకటి నొక్కండి, వాసన తెలియకపోతే రెండు నొక్కండి అంటూ వరసగా చెప్పుకుపోయింది. గుండె నొప్పికి ఏది నొక్కాలో మాత్రం చెప్పలేదు. లోకంలో మిగతా జబ్బులన్నీ రద్దయిపోయినట్టే! వీధి చివర క్లినిక్కు డాక్టరు షట్టరు దించుకుని ఉన్నాడు. ఫోనులో, "జ్వరముందా? దగ్గుందా? లేదు కదా, ఇంకేం? ఇంట్లోనే ఉండండి, గ్యాసు మాత్ర వెయ్యండి" అని పెట్టేశాడు. మనిషి వయసు కూడా అడగలేదు.

చివరికి మావయ్యనే బతిమాలాను. ఆయన బాకాని గుడ్డతో తుడుస్తున్నారు.

"వెళ్దాం మావయ్యా. నేను వస్తాను మీతో."

"తల్లీ, ఎన్ని చావులకి వాయించానో నీకు తెలుసా? ప్రతి మనిషినీ పాటతో సాగనంపాను. ఇప్పుడు ఆస్పత్రిలో పోతే సంచిలో కట్టి పంపేస్తున్నారట. ముఖం చూపించరట. నా ముందు ఒక్క డ్రమ్ము దెబ్బ కూడా పడకుండా పొమ్మంటావా?"

"మీరు పోవడానికి కాదు, ఉండటానికి రమ్మంటున్నాను."

ఆయన నవ్వి బాకాలో నా ముఖం చూపించారు. వంకరగా, బుగ్గలు ఉబ్బి కనపడ్డాను. "చూడు, కోపమొస్తే మా అమ్మలా ఉన్నావు" అన్నారు. అలా మాట దాటేశారు.

అలాగే వాయిస్తూ వచ్చారు. నేను రోజూ వరండా గుమ్మంలో పాపని చంకనేసుకుని నిలబడి, ఆయన వీపు మీద చొక్కా తడుస్తుందా లేదా అని చూసేదాన్ని. కింద చప్పట్లు. పైన సెక్రటరీ గారి "శభాష్". ఇక్కడ ఈ తడి.

ఒక సాయంత్రం పాట మధ్యలో తెగిపోయింది. ఎప్పుడూ లేనిది. స్వరం సన్నగా వణికి, గాలి మాత్రం తుస్సుమని వచ్చింది. మావయ్య కమ్మీ పట్టుకుని ఒంగారు.

"ఏంటి మాస్టారూ, ఊపిరాడట్లేదా?" పైనుంచి సెక్రటరీ గారి గొంతు. నవ్వుతూనే అడిగారు. ఆ నవ్వు వెనకాలే విజిల్ నోటి దగ్గరికి వెళ్ళడం నాకు కనిపించింది. ఎదురుగా ఒక కిటికీ మూసుకుంది. దాని పక్కది. దాని కిందది. ఒక తల్లి పిల్లాణ్ణి లోపలికి లాక్కుంది.

మావయ్య నిటారుగా నిలబడ్డారు. మళ్ళీ బాకా ఎత్తారు. ఆ చెయ్యి వణుకుతోంది, వేళ్ళ గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఎత్తి, కళ్ళు మూసుకుని ఊదారు. స్వరం వచ్చింది. చప్పట్లు మొదలయ్యాయి! మనిషి కళ్ళెదుట చస్తుంటే, చావట్లేదని రుజువు చేసుకుంటున్నందుకు చప్పట్లు!

నాకు ఏమైందో తెలీదు. పాపని అత్తయ్య చేతుల్లో పడేసి వెళ్ళి బాకాని ఆయన నోట్లోంచి లాగేశాను. మా ఇంట్లో ఒకరి బాకా మూతి ఇంకొకరు ముట్టుకోరు. అది ఒకరి నోరు ఇంకొకరు మూయడంతో సమానం. మావయ్య నిర్ఘాంతపోయి చూశారు. నేను వీధి వైపు తిరిగాను.

"ఆపండి! ఊపిరి కాదు, గుండె! ఆయనకి గుండె నొప్పి! ఇన్నాళ్ళ నుంచి మీకు భయపడి మీ ముందు వాయిస్తున్నారు. కడుపు నిండిందా? ఇంకా కావాలా?"

చప్పట్లు ఆగిపోయాయి. విజిల్ కూడా మోగలేదు. మావయ్య నా భుజం మీద వాలిపోయారు. అది చూశాకే మా ఆయనకి బుద్ధొచ్చింది, గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"అంబులెన్సు పిలుద్దామా?" అన్నాడు, అంటూనే కిందికి వీధివైపు చూశాడు.

"మీ వ్యాను తియ్యండి" అన్నాను.

పార్సిళ్ళ మధ్య చోటు చేసి, వెనకాల మావయ్యని కూర్చోబెట్టుకుని నేను పట్టుకున్నాను. పాప ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది. పాలు తాగే వేళ. చీర ముందంతా తడిసిపోయింది. దాని ఏడుపు వినకుండా ఉండటానికి మావయ్యతో మాట్లాడుతూ కూర్చున్నాను.

"చెంబు నిండేదాకా ఊదారు కదా మావయ్యా! అంత ఊపిరి ఎక్కడిది?"

ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పారు. "ఊపిరి కాదమ్మా, కిటుకు. బుగ్గల్లో గాలి దాచుకుని అది వదులుతూ, ముక్కుతో కొత్తగాలి తీసుకోవచ్చు. బాకా వాళ్ళందరికీ వచ్చిందే. నేను తల్చుకుంటే బావి నిండేదాకా ఊదగలను."

"మరి అత్తయ్యకి చెప్పలేదేం?"

"చెంబు చూసి అంత సంతోషపడుతుంటే ఏం చెప్తాను?"

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను.

ఆస్పత్రికి రెండు గేట్లున్నాయి. ఒక దాని ముందు జ్వరాల వరస, చివర కనపడనంత వరస. రెండో గేటు దగ్గర గుండె విభాగం అని బాణం గుర్తు. అక్కడ ఎవరూ లేరు. కాపలామనిషి కుర్చీలో ఆవలిస్తున్నాడు. మమ్మల్ని చూసి చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చాడు.

లోపలికి వెళ్ళాక నేను చూసింది చెప్తే మా వీధిలో ఈనాటికీ నమ్మరు. పొడుగాటి హాలు. అటూ ఇటూ మంచాలు. ఒక్కదాని మీదా మనిషి లేడు. మడత నలగని తెల్ల దుప్పట్లు, ఆపి పెట్టిన యంత్రాలు, మూలన నిద్రపోతున్నట్టు ఫ్యాను. శవాలు పేర్చి ఉంటాయన్నారు కదా, ఇదిగో, ఖాళీ మంచాలు పేర్చి ఉన్నాయి! తలనుంచి కాలిదాకా కప్పుకున్న నర్సు పరుగున వచ్చి మావయ్య చొక్కా గుండీలు విప్పుతూ అంది.

"ఏమైపోయారమ్మా మీరంతా? ఊళ్ళో గుండెపోట్లకి సెలవులిచ్చారా? ఇంతకుముందు ఈ హాల్లో మంచం దొరక్క కింద పడుకోబెట్టేవాళ్ళం."

తీగలు తగిలించి కాగితం తీశారు. డాక్టరు దాన్ని రెండుసార్లు చూశాడు.

"ఇది ఇవాళ్టిది ఒక్కటే కాదు. దీనికి ముందే ఒకటి వచ్చి పోయింది. ఈమధ్య చెమటలు పట్టి ఎక్కడైనా కూలబడ్డారా?"

"మెట్ల మీద" అన్నాను.

"అప్పుడే ఎందుకు తీసుకురాలేదు? బాగానే ఉన్నారని ఎవరు చెప్పారు?"

మా ఆయన తల దించుకున్నాడు. నేనే చెప్పాను, చెంబు సంగతి. చెప్తుంటే నాకే వెర్రిగా వినిపించింది. డాక్టరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"నిన్న ఒకాయన మందుల షాపు వాడు చెప్పాడని నాలుక కింద చక్కెర పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని తీసుకొచ్చేసరికి నేను చేయగలిగింది ఏమీ లేదు. మీరు నయం" అన్నాడు. "రక్తనాళం తెరుస్తాను. కానీ మెట్ల మీద కూలబడిన రోజు చచ్చిపోయిన కండని తిరిగి లేపలేను. ఆ రోజే వచ్చుంటే..."

మేమంతా పంపు చుట్టూ చేరి నవ్వుతున్నప్పుడు, ఆయన గుండెలో సగం చచ్చిపోతూ ఉంది.

ప్రాణం దక్కింది. కొన్ని రోజులు నేను ఆయన దగ్గరే ఉన్నాక, ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పాడు. మెల్లగా నడవచ్చు, మెల్లగా మాట్లాడచ్చు. ఊదడం మాత్రం ఇక లేదు. మావయ్య బుద్ధిమంతుడిలా తలూపారు. "పెదవులకి విశ్రాంతి" అన్నారు. వ్యానులో మాత్రం దారంతా కుడిచేతి వేళ్ళతో మోకాలి మీద మీటలు నొక్కుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చేసరికి గుమ్మానికి ఎర్ర రిబ్బను.

అత్తయ్య లోపలి నుంచి కిటికీలో ముఖం పెట్టి ఏడుస్తోంది. మేం వెళ్ళిన రోజే కట్టేశారట. పాలాయన రావడం మానేస్తే పాపకి గంజినీళ్ళు పట్టిందట. సెక్రటరీ గారు పై మెట్టు మీద, ముక్కుకి రెండు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు.

"నియమం నియమమేనమ్మా. ఆస్పత్రికి వెళ్ళొచ్చిన ఇల్లు."

"గుండె అని రాసిచ్చారు. ఇదిగో కాగితం."

"గుండే అని నేనెలా నమ్మాలి?"

"నమ్మకండి. మీ గుండె ఆగినప్పుడు మీ వాళ్ళు కూడా ఎవరూ నమ్మకుండా చూసుకోండి" అన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకోబోయి ఎందుకో మానేశాడు. నేను రిబ్బను కింద నుంచి దూరి లోపలికి వెళ్ళి పాపని లాక్కుని గుండెకి హత్తుకున్నాను. అది ముందు నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత పట్టింది. ఆ మధ్యలో గడిచిన కాసేపటికి ఈ వీధి నాకు ఎప్పటికీ బాకీయే.

మావయ్యని మంచం మీద పడుకోబెట్టాం. అత్తయ్య ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. లేచి వెళ్ళి ఇత్తడి చెంబుని అటక మీదికి, వెనక్కి, చేతికి అందనంత వెనక్కి నెట్టి వచ్చింది. పాపని నా ఒళ్ళోంచి తీసుకుని, "నువ్వు ముందు రెండు ముద్దలు తిను" అంది.

ఎండ ఎదురింటి గోడ దిగింది. కిటికీలు తెరుచుకున్నాయి. ఇంత జరిగాక కూడా! ఎవరో చప్పట్లు కొట్టారు, పిలవడానికి. "మాస్టారు వచ్చేశారట కదా! ఒక్క పాట!"

నేను వరండాలోకి వెళ్ళాను. చేతిలో బాకా లేదు.

"మాస్టారు వాయించరు. ఇక ఎప్పటికీ వాయించరు. ఆయన గుండె సగం పోయింది. దవడ లాగితే బాకా అనుకున్నాం, ఎడమచెయ్యి లాగితే బరువనుకున్నాం, చెమటలు పడితే మీకు కనపడకుండా తలుపేసుకున్నాం. అక్కడ ఆస్పత్రిలో మంచాలన్నీ ఖాళీగా ఉన్నాయి. వినపడుతోందా? ఖాళీగా! చావు అక్కడ లేదు. మన తలుపుల వెనకాల, మన మెట్ల మీద ఉంది."

కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మంచి మాట చెప్తే మూసుకోవడం వీళ్ళకి అలవాటే. నేను వెనక్కి తిరగబోతుంటే ఎదురింటి వరండాలోంచి చిన్న గొంతు వినిపించింది. టైలరమ్మ. వీధంతా వినేలా కేకలేసే మనిషి, కమ్మీ మీదికి ఒంగి గుసగుసలాడుతోంది.

"చెల్లీ, దవడ అన్నావు చూడు... ఎడమ పక్కేనా?"

"ఎందుకక్కా?"

"నాకీ చెయ్యి లేవట్లేదు. మిషను తొక్కి తొక్కి, ఒంగి ఒంగి కుట్టడం వల్లేమోనని..." ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి కమ్మీ మీద పెట్టి చూపించింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇన్నాళ్ళూ ఆవిడ చప్పట్లు కొట్టలేదు. ఒక్క చేత్తోనే కమ్మీ బాదేది. అందరం అది హుషారనుకున్నాం.

"చెమటలు పడుతున్నాయా?"

"పొద్దున్న పట్టాయి. ఉక్కగా ఉంది కదా అనుకున్నా. మా ఆయనకి చెప్పకు, భయపడతాడు. రేపు చూద్దాం..."

"రేపు లేదు. చెప్పులేసుకో."

"రిబ్బను కడతారు చెల్లీ. పెళ్ళికూతురి జాకెట్లు ఇవ్వాల్సినవి..."

"పెళ్ళిళ్ళే లేవు, జాకెట్లెవరికే! చెప్పులేసుకో అంటున్నానా? కూర్చునే ఉండు, మెట్లు దిగకు. మా ఆయన వచ్చి ఎత్తుకుని దింపుతాడు." ఇంట్లోకి తిరిగి, "ఏమండీ, వ్యాను తాళాలు!" అని కేకేశాను. ఈసారి ఎనిమిదో తరగతి మాట రాలేదు. తాళాల చప్పుడు వచ్చింది.

గుమ్మంలో రిబ్బను కింద నుంచి దూరబోయి ఆగాను. రెండు చేతులతో పట్టుకుని ఫట్‌మని తెంపాను. పై మెట్ల మీద విజిల్ మోగింది. ఆగకుండా, పొడుగ్గా, బిల్డింగంతా అదిరేలా మోగుతోంది.

ఊదుకోనీ. ఆయన ఊపిరి బాగానే ఉన్నట్టుంది. నేను మెట్లు దిగాను.